ప్రభువు బల్లకు భయపడవలసింది ఎవరు?



మొదటి ఆదివారం దగ్గర పడేసరికి ప్రతి నెలా నాకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఎక్కువగా యౌవనస్థులే అడుగుతారు. ఫోనులో రకరకాల ప్రసంగాలు వింటారు గదా, ఒక బోధకుడు ఒకటి చెబుతాడు, ఇంకొకాయన దానికి విరుద్ధంగా చెబుతాడు. “అయ్యగారూ, మనం తినే రొట్టె నిజంగా ప్రభువు శరీరమేనా, లేక గుర్తు మాత్రమేనా? ద్రాక్షారసం రక్తంగా మారుతుందా?” అని అడుగుతారు. మంచి ప్రశ్నే. దీన్ని తప్పించుకోను.

కానీ అదే ఆదివారం, అదే మందిరంలో, బల్ల సమయం రాగానే మెల్లగా లేచి బయటికి వెళ్ళి చెట్టు కింద కూర్చునేవాళ్ళున్నారు. బాప్తిస్మం పొందినవాళ్ళే, వారం వారం వాక్యం వినేవాళ్ళే. వాళ్ళెందుకు వెళ్ళిపోతున్నారని మాత్రం నన్నెవరూ అడగరు. మొదటి ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే రెండో ప్రశ్న అడగకుండా ఉండలేమని నా అభిప్రాయం. అందుకే ఈ నెల ఈ మాటలు రాస్తున్నాను.

ముందుగా సంఘాలు ఏమి నమ్ముతున్నాయో చూద్దాం.

రోమన్ కతోలిక సంఘం బోధ ఏమిటంటే, గురువు ప్రార్థనలో ప్రభువు మాటలు పలికినప్పుడు రొట్టె, ద్రాక్షారసాల రంగు, రుచి, రూపం అలాగే ఉంటాయి గాని వాటి అసలు తత్వం క్రీస్తు శరీర రక్తములుగా మారుతుంది. 1215లో రోములో జరిగిన నాలుగవ లాటరన్ సభ ఈ మాటను అధికారికంగా చెప్పింది. 1551లో ట్రెంటు సభ మళ్ళీ స్థిరపరచింది. మార్టిన్ లూథర్ రొట్టె రొట్టెగానే ఉంటుందన్నాడు, అయినా దానితో పాటు ప్రభువు శరీరం నిజంగా ఇవ్వబడుతుందని గట్టిగా పట్టుబట్టాడు. స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణంలో బోధించిన జ్వింగ్లీ రొట్టె ప్రభువు శరీరాన్ని సూచిస్తుందని, మనం ఆయన్ని జ్ఞాపకం చేసుకుంటున్నామని చెప్పాడు. తరువాత వచ్చిన కాల్విన్ రొట్టె మారదు గాని, విశ్వాసంతో తీసుకునేవారికి పరిశుద్ధాత్మ ద్వారా క్రీస్తుతో నిజమైన సహవాసం కలుగుతుందని బోధించాడు.

1529 అక్టోబరులో జర్మనీలోని మార్బర్గ్ కోటలో లూథర్, జ్వింగ్లీ ముఖాముఖి కూర్చున్నారు. ఇది నా శరీరమని ప్రభువు పలికిన మాటను లూథర్ సుద్దముక్కతో బల్లమీద లాటిను భాషలో రాసుకుని, ఎంతసేపు వాదించినా ఆ మాట దగ్గర్నుంచి కదల్లేదు. పదిహేను అంశాలు రాసుకుంటే పద్నాలుగింటిలో ఏకీభవించారు. పదిహేనవది ప్రభువు బల్ల. దాని దగ్గర పూర్తిగా కలవలేకపోయారు. ఒకే బల్లలో పాలు పొందకుండానే విడిపోయారు.

ఇది దూరదేశపు సంగతి అనుకోకండి. ఆ తగవు మన ఊళ్ళకు కూడా వచ్చింది. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరుకు లూథరన్ బోధ తెచ్చారు. ఒంగోలు సీమలో డాక్టర్ క్లౌ బాప్తిస్టు బోధ చెప్పారు. ఇంకొక చోట కతోలిక గురువులు, మరొక చోట ఆంగ్లికన్ దొరలు వచ్చారు. మన తాతల ఊరికి ముందుగా ఏ మిషను వచ్చిందో దాన్నిబట్టే రొట్టె గురించి మన నమ్మకం ఏర్పడింది. అందుకే పుట్టింట్లో సత్ప్రసాదం అన్న పిల్ల అత్తింటికి వచ్చి ప్రభువు బల్ల అంటుంది. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా ఈ మాట వస్తుంది. ఎవరి పెద్దలూ దీన్ని తేలికగా నమ్మలేదు. కాబట్టి ఎదుటి సంఘం నమ్మకాన్ని ఎగతాళి చేసే వీడియోలు పంచుకోవద్దని మన యౌవనస్థులను ప్రేమతో కోరుతున్నాను.

మరి మీ కాపరి ఏమి నమ్ముతున్నాడు? సూటిగా చెప్తాను. రొట్టె రొట్టెగానే ఉంటుంది, ద్రాక్షారసం ద్రాక్షారసంగానే ఉంటుంది. అయినా అది వట్టి గుర్తు కాదు. 1 కొరింథీ 10:16లో పౌలు ఆ పాత్రను క్రీస్తు రక్తంలో, ఆ రొట్టెను ఆయన శరీరంలో పాలుపుచ్చుకోవడం అంటాడు. పాలు అంటే వాటా. గుర్తును చూసి ఊరుకోవచ్చు గాని వాటాను అందుకోవాలి.

మన రైతులకు అర్థమయ్యే పోలిక చెప్తాను. పొలం దస్తావేజు కాగితమే. దాన్ని దున్నితే పంట పండదు, నీళ్ళు పెడితే మొలక రాదు. కాగితం మట్టిగా మారలేదు. అలాగని “ఇది వట్టి కాగితమేలే” అని ఎవరైనా పొయ్యిలో వేస్తాడా? వెయ్యడు. దానిమీద సంతకం ఉంది, ముద్ర ఉంది, ఆ కాగితం ద్వారా పొలం నిజంగా అతని చేతికి వచ్చింది. ప్రభువు తన మాటతో ముద్ర వేసిన రొట్టె కూడా అలాంటిదే. ఒక్క తేడా ఉంది. దస్తావేజును పెట్టెలో దాచుకుంటాం, రొట్టెను తినాలి. ఆయన తనను తాను మనకు ఇస్తున్నాడు. పుచ్చుకోవడం మన వంతు.

ఇంతవరకు మొదటి ప్రశ్న. ఇప్పుడు పౌలు ఈ సంగతి ఎందుకు రాశాడో చూడండి. ప్రభురాత్రి భోజనం గురించి మనకున్న రాతల్లో అతి పాతది ఈ మొదటి కొరింథీ పత్రికే. సువార్తలు రాయబడకముందే, దాదాపు క్రీ.శ. 55 ప్రాంతంలో, ఎఫెసులో ఉండి పౌలు దీన్ని రాశాడు. రొట్టె మారుతుందా లేదా అని కొరింథీయులు తగవు పడితే రాసింది కాదిది. వాళ్ళ తగవు అన్నం దగ్గర వచ్చింది.

అప్పటికి మందిరాలు లేవు. కలిగినవారి ఇళ్ళలో కూడుకునేవారు. రోమా పద్ధతి ఇళ్ళలో భోజనపు గది చిన్నది. మూడు వైపులా మూడు పాన్పులు వేసి, ఒక్కొక్కదానిమీద ముగ్గురు చొప్పున తొమ్మిదిమంది ఆనుకుని తినేవారు. మిగతావాళ్ళకు ముంగిలే గతి. ఆదివారం సెలవు అనేది ఆ రోజుల్లో లేదు. దాసులు, కూలివాళ్ళు యజమాని పని ముగించుకుని రావాలి. వాళ్ళు వచ్చేసరికి ఏం జరిగేదో 1 కొరింథీ 11:21 చదివితే తెలుస్తుంది. కొందరు ముందే తినేశారు, మత్తులో కూడా ఉన్నారు. మరికొందరు ఆకలితోనే ఉండిపోయారు. ఆ తరువాత రొట్టె విరవడం, పాత్ర అందుకోవడం అన్నీ క్రమంగానే చేశారు. పౌలు మాత్రం మీరు కూడి తింటున్నది ప్రభురాత్రి భోజనమే కాదు పొమ్మన్నాడు. లేనివారిని సిగ్గుపరుస్తున్నారని గద్దించాడు.

ఆ గద్దింపు మధ్యలోనే “అయోగ్యముగా” అనే మాట వస్తుంది. మన అక్కాచెల్లెళ్ళను చెట్టు కిందికి పంపిస్తున్నది ఈ ఒక్క మాటే. దయచేసి ఆ మాట చివర ఉన్న “గా” చూడండి. పౌలు “అయోగ్యుడు తినకూడదు” అనలేదు. “అయోగ్యముగా” తినడం గురించి మాట్లాడాడు. గ్రీకులో కూడా ఇది మనిషిని వర్ణించే మాట కాదు, పని జరిగే తీరును చెప్పే మాట. పెళ్ళి భోజనానికి చినిగిన చొక్కాతో వచ్చినవాడు వేరు, పట్టుచొక్కాతో వచ్చి పక్కవాడి విస్తరి కాలితో తన్నినవాడు వేరు. పౌలు గద్దించింది రెండోవాణ్ణి.

తరువాతి వచనం, అంటే 28వది, ఇంకా స్పష్టంగా ఉంది. ప్రతివాడు తనను తాను పరీక్షించుకోవాలి అన్నాడు. పరీక్షించుకుని ఏం చేయాలి? లేచి వెళ్ళిపోవాలా? కాదు, ఆ రొట్టె తినాలి, ఆ పాత్రలోనిది తాగాలి అని అదే వచనంలో రాశాడు. మనం సగం వచనం చదివి లేచిపోతున్నాం.

యోగ్యత లెక్క చూస్తే మొదటి బల్ల దగ్గర ఎవరు మిగులుతారు? లూకా 22 చదవండి. అప్పగించబోయేవాడి చెయ్యి ఆ బల్లమీదే ఉందని ప్రభువే చెప్పాడు. కోడి కూయకముందే బొంకబోయే పేతురు అక్కడే ఉన్నాడు. మాలో గొప్పవాడెవడని తగువులాడుకున్న పన్నెండుమంది వాళ్ళు. ఆయనకు అన్నీ తెలుసు. తెలిసే రొట్టె విరిచి చేతికిచ్చాడు.

ఇప్పుడు చెట్టు కిందికి వెళ్ళేవాళ్ళ సంగతి మాట్లాడుకుందాం. పేర్లు చెప్పను, కారణాలు చెప్తాను.

కొందరు అక్కలు “బయట ఉన్నానయ్యగారూ” అంటారు. అమ్మా, పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ జనం మధ్యలోకి వచ్చి ప్రభువు వస్త్రం ముట్టుకుంది. మార్కు 5లో ఉంది. ఆయన మైలపడ్డానని ఆమెను కసిరాడా? కుమారీ అని పిలిచి సమాధానంతో పంపించాడు. నెలసరి పాపం కాదు, ప్రభువు బల్లకు అడ్డమూ కాదు. ఈ విషయంలో మీ అత్తగారు ఏమన్నా, పక్కింటివాళ్ళు ఏమన్నా, రొట్టె మీ చేతికి ఇవ్వడానికి మీ కాపరికి ఏ సంకోచమూ లేదు.

కొందరు తమ్ముళ్ళు తాగుడు మానలేక ఆగిపోతున్నారు. మానాలని ఏడుస్తున్నవాడు, పడి లేచి మళ్ళీ పడుతున్నవాడు, బల్లకు దూరమైతే ఇంకెక్కడ బలం పొందుతాడు? మీ కోసమే మన సంఘంలో పులియని ద్రాక్షరసం వాడుతున్నాం. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే భక్తుడు ద్రాక్షరసాన్ని పులియకుండా నిల్వచేసే పద్ధతి కనిపెట్టింది కూడా ప్రభువు బల్లకోసమే. పశ్చాత్తాపంతో రండి.

ఇంకొందరికి 30వ వచనమంటే భయం. బల్ల తీసుకున్న వారంలో జ్వరం వచ్చినా, ఎవరైనా చనిపోయినా “అయోగ్యంగా తీసుకున్నాడు” అని ఊళ్ళో గుసగుసలాడతారు. ప్రియులారా, ఎవరి రోగానికి ఏది కారణమో తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. పౌలు తాను స్థాపించిన సంఘాన్ని అపొస్తలుడిగా హెచ్చరించాడు. ఆ హెచ్చరిక కూడా పేదవాడి ముందు పొట్టనిండా తిన్నవాళ్ళకే. దాన్ని తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళను భయపెట్టడం వాక్యాన్ని తలకిందులు చేయడమే.

మరి భయపడవలసినవారు ఎవరు? అసలు మాట ఇక్కడుంది. మీలో కొందరికి నొప్పి కలుగుతుందని తెలిసే రాస్తున్నాను.

29వ వచనంలో శరీరాన్ని వివేచించకుండా తినడం అనే మాట ఉంది. మన తెలుగు బైబిలులో ప్రభువు శరీరమని ఉంది. చాలా పాత గ్రీకు ప్రతుల్లో శరీరము అని మాత్రమే ఉంది. ఆ శరీరం రొట్టెలో మనం పాలు పొందే క్రీస్తు శరీరమా, పక్కన కూర్చున్న సంఘమనే శరీరమా అని పండితులు చర్చిస్తారు. రెండూ అని నా నమ్మకం. ఎందుకంటే పౌలు వాటిని విడదీయలేదు. 10:17లో రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనం ఒకే శరీరమని చెప్పాడు. బల్ల సంగతి ముగించిన వెంటనే 12వ అధ్యాయంలో ఒకే శరీరం, అనేక అవయవాలు అని మొదలుపెట్టాడు. రొట్టెలో ప్రభువును గౌరవించి, అదే రొట్టె తింటున్న సహోదరుణ్ణి చిన్నచూపు చూసేవాడు శరీరాన్ని వివేచించలేదు.

మన పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి మనకు తెలుసు. మన పెద్దలు విడిగా పెట్టిన గ్లాసులో తాగారు, ఆ అవమానం ఎలాంటిదో మన రక్తానికి తెలుసు. అలాంటి మనమే మందిరంలో పాత్ర ముందు మాలపల్లె వరసకు రావాలా, మాదిగపల్లె వరసకు రావాలా అని కళ్ళతో లెక్కలు వేసుకుంటే దాన్ని ఏమనాలి? ఒకే ఊళ్ళో, ఒకే విశ్వాసం ఉండి, ఎదుటి పల్లె మందిరంలో బల్లకు కూర్చోనివాళ్ళు లేరా? రొట్టె కలిసి తిని, ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టనివాళ్ళు లేరా? వాళ్ళెవరూ చెట్టు కిందికి వెళ్ళడం నేను చూడలేదు. భయపడనక్కరలేనివారు భయంతో బయట కూర్చుంటున్నారు, భయపడవలసినవారు ధైర్యంగా ముందు వరసలో చేతులు చాపుతున్నారు. నా దుఃఖమంతా ఇదే.

ఒంగోలు సీమలో జరిగింది గుర్తు చేసుకోండి. మొదట్లో పై కులాలవారు కొందరు ఆసక్తి చూపారు. అదే సమయంలో యెర్రగుంట్ల పేరయ్యగారు, ఆయన వెంట మాదిగ పల్లెలవారు ప్రభువును నమ్ముకుని వస్తున్నారు. వాళ్ళను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు చెప్పారు. ఏమి చేయాలో తోచక క్లౌగారు ఒక గదిలో, వారి భార్య ఇంకొక గదిలో వాక్యం తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. 1 కొరింథీ 1:26 నుండి, లోకం ఎన్నిక చేయనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. వాళ్ళు పేరయ్యగారి ప్రజలను వదల్లేదు. మన సంఘాల పునాదిలో ఉన్నది కొరింథీ పత్రికే. ఆ పత్రిక 1వ అధ్యాయం వల్ల లోపలికి వచ్చినవాళ్ళం 11వ అధ్యాయాన్ని ఎలా మరచిపోతాం?

బల్ల దగ్గర విడిపోయినవాళ్ళు కలవడానికి ఎంత కాలం పడుతుందో కూడా చూడండి. మార్బర్గ్‌లో 1529లో తెగింది. ఐరోపాలోని లూథరన్, రిఫార్మ్డ్ సంఘాలు ఒకరి బల్లకు ఒకరు రావచ్చని లాయెన్‌బెర్గ్ ఒప్పందం చేసుకున్నది 1973లో. మధ్యలో 444 సంవత్సరాలు. మన దేశంలో కూడా దీనికోసం ప్రయాసపడ్డవారున్నారు. తిరునల్వేలి సీమనుంచి వచ్చి, 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్యగారు దక్షిణ భారతదేశంలో సంఘాలు ఏకం కావాలని ఎన్నో ఏళ్ళు కష్టపడ్డారు. 1945లో ఆయన ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన రోజు చూడటానికి ఆయన లేరు. పెద్ద సంఘాలు అంత కష్టపడి కలిసిన బల్లను మన ఊరి రెండు పల్లెల మధ్య తెంచుకుందామా?

“అయ్యగారూ, మరి సంఘ క్రమశిక్షణ మాటేమిటి? ఎవరైనా రావచ్చా?” అని అడుగుతారు. క్రమశిక్షణ ఉండాలి. పాపాన్ని పట్టుకుని వదలనని మొండికేసినవాణ్ణి పెద్దలు ప్రేమతో ఆపవలసిన సమయాలు ఉంటాయి. కానీ ఆ క్రమశిక్షణ ఎక్కడ మొదలవ్వాలో మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పాడు. నీమీద నీ సహోదరునికి ఏదైనా ఉందని గుర్తొస్తే ముందు వెళ్ళి సమాధానపడి రమ్మన్నాడు. వెళ్ళమన్నది ఇంటికి కాదు, సహోదరుని దగ్గరికి. మళ్ళీ రమ్మన్నాడు కూడా.

“ఒకే పాత్ర అంటే రోగాలు రావా?” అని ఇంకొందరు అంటారు. కరోనా తరువాత ఎవరికి వారికి చిన్న గ్లాసులు పెట్టాం, అందులో తప్పేమీ లేదు. జాగ్రత్త కోసం చిన్న గ్లాసు తీసుకోండి. ఎంగిలి ఎవరిదోనని మనసులో పేరు పెట్టుకుని మాత్రం తీసుకోకండి.

సంఘ పెద్దల ముందు, మీ అందరి ముందు నాలుగు సంగతులు పెడుతున్నాను. ఒకటి, బిస్కెట్ ముక్కలు మానేసి, ప్రతి నెలా ఒక ఇంటివారు రొట్టె కాల్చి తేవాలి. రెండు పల్లెలవారూ వంతులవారీగా చేయాలి. ఆ ఒక్క రొట్టెను అందరి కళ్ళ ముందు విరుద్దాం. రెండు, చిన్న గ్లాసులైనా సరే, ఒకే కూజానుండి అందరి ముందే పోద్దాం. మూడు, నాట్ల రోజుల్లో, మిరపకాయ కోతల రోజుల్లో కూలికి వెళ్ళి ఆలస్యంగా వచ్చే తల్లులు వచ్చేవరకు బల్ల మొదలుపెట్టవద్దు. 33వ వచనంలో పౌలు ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోమన్నాడు గదా, మనకు దాని అర్థం ఇదే. నాలుగు, మంచంలో ఉన్న పెద్దవాళ్ళకు అదే రోజు సాయంత్రం అదే రొట్టెలో భాగం తీసుకువెళ్దాం. నాతో ఇద్దరు రండి, ఒక్కో పల్లెనుంచి ఒకరు.

వచ్చే ఆదివారం లోపల మీలో ఎవరికైనా ఎవరితోనైనా మాటలు లేకపోతే, శనివారం పొద్దుగూకేలోపు ఆ గడప ఎక్కండి. చెట్టు కింద కూర్చునే అక్కలారా, తమ్ముళ్ళారా, మీరు లోపలికి రండి. మీరు రాకపోతే ఆ రొట్టెలో మీ వాటా ఎవరూ తినలేరు.

ప్రభువా, తెలిసి తెలిసి మమ్మును నీ బల్లకు పిలిచావు. బయట కూర్చున్నవారి భయం తీసివేయుము. లోపల కూర్చున్న మాకు నీ భయం కలిగించుము. ఒకే రొట్టె తినే మమ్మును ఒకే శరీరముగా చేయుము. ఆమేన్.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక.